సీటీసీలో కొన్న 7600ఎక్స్: ఎక్స్‌పో, పీబీఓ ఆన్ చేస్తే వారంటీ పోతుందా?

మల్కాజ్‌గిరి_రిగ్:
ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7600ఎక్స్, బాక్స్ పీస్, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో జీఎస్టీ బిల్లుతో తీసుకున్నా. బీ650 బోర్డు, 16 జీబీ డీడీఆర్5-6000 ర్యామ్‌లు రెండు, సింగిల్ టవర్ ఎయిర్ కూలర్. ర్యామ్ ప్రస్తుతం 4800లోనే నడుస్తోంది. ర్యామ్‌ను ప్యాకెట్ మీది వేగంలో నడిపే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేసుకోమని షాపతను అంటున్నాడు. ప్రాసెసర్ బూస్ట్ పరిమితులు మార్చే పీబీఓ మెనూలోకి వెళ్తే మాత్రం వారంటీ హెచ్చరిక వస్తోంది, ఒప్పుకుంటేనే ముందుకు పోనిస్తోంది. పైగా ఏసీ లేని గది, రెండరింగ్ పెడితే 95 డిగ్రీలు చూపిస్తోంది. అన్ని కోర్లనూ 5.2 గిగాహెర్ట్జ్‌కు ఫిక్స్ చేస్తే మేలా?

చాయ్‌బిస్కట్_01:
బేఫికర్‌గా ఆన్ చెయ్ అన్నా. ర్యామ్ ప్యాకెట్ మీద 6000 అనే ఉంది కదా. అందరూ అదే నడుపుతున్నారు, ఏం కాదు.

వోల్ట్‌మీటర్:
పైన చెప్పింది సగమే నిజం. ప్యాకెట్ మీది 6000 ర్యామ్ కంపెనీ ఇచ్చే హామీ. ఆ వేగంలో ర్యామ్ స్టిక్ పోతే వాళ్లు చూసుకుంటారు. కానీ మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లో. 7600ఎక్స్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పేది రెండు స్టిక్‌లకు 5200, నాలుగు పెడితే 3600 మాత్రమే. అంతకు మించితే, ఎక్స్‌పో ద్వారా అయినా సరే, వాళ్ల లెక్కలో ఓవర్‌క్లాకింగే. పీబీఓ కూడా అంతే. దానివల్ల జరిగిన నష్టానికి వారంటీ లేదని ఏఎండీ షరతుల్లోనే రాసి ఉంది.

అలాగని బటన్ నొక్కగానే వారంటీ రద్దయిపోదు. 2023లో ఏఎండీ వర్క్‌స్టేషన్ ప్రాసెసర్లు థ్రెడ్‌రిప్పర్ 7000 సిరీస్‌లో ఓవర్‌క్లాక్ చేస్తే లోపల ఒక ఫ్యూజ్ శాశ్వతంగా మారుతుందని తెలిసి గోల జరిగినప్పుడు ఏఎండీ ఇచ్చిన వివరణ ఇదే: ఓవర్‌క్లాకింగ్ వల్ల పాడైతేనే కవర్ కాదు, మిగతా లోపాలకు వారంటీ అలాగే ఉంటుంది. క్లెయిమ్ ఫారంలో ఎలా నడిపారని అడిగితే ఉన్నదున్నట్టు రాయండి.

ఎక్స్‌పోలో అసలు చూడాల్సింది ఎస్ఓసీ వోల్టేజ్, అంటే ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి అందేది. 2023లో రైజెన్ 7000ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోవడానికి కారణం, ఎక్స్‌పో ఆన్ చేస్తే కొన్ని బోర్డులు దాన్ని మితిమీరి ఎక్కించడమే. ఆ తర్వాతి బయాస్‌లలో (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) 1.3 వోల్ట్‌ల పరిమితి పెట్టారు. కాబట్టి ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. యూపీఎస్ మీద పెట్టే చేయండి, మే నెల గాలివానకు కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు. అప్‌డేట్ అయ్యాక సెట్టింగ్‌లన్నీ డిఫాల్ట్‌కు వెళ్తాయి, అప్పుడు ఎక్స్‌పో ఆన్ చేసి వోల్టేజ్‌లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఓసీ ఎంత ఉందో చూడండి. 6000కు 1.2 నుంచి 1.25 వరకు చాలు, ఆటోలో ఎక్కువ చూపిస్తే చేత్తో తగ్గించండి. మొదటిసారి బూట్‌లో స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. మెమరీ ట్రైనింగ్ అది, కంగారుపడి స్విచ్ ఆపొద్దు.

బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకున్నారా? బాక్స్ పీస్‌కు కంపెనీ వారంటీ 3 ఏళ్లు. అదే బాక్స్ లేకుండా విడిగా అమ్మే ట్రే పీస్ అయితే అమ్మినవాడి మాటే దిక్కు. బాక్స్ పారేయకండి.

చల్లగాలి:
95 డిగ్రీలకు భయపడనక్కర్లేదు, ఆ చిప్‌కు అదే గరిష్ఠ పరిమితి. అక్కడికి చేరాక తనే క్లాక్ తగ్గించుకుంటుంది. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ఇక్కడ వేగం రూపంలో కోల్పోతారు, అంతే.

5.2 ఫిక్స్ చేయొద్దు. ఒకట్రెండు కోర్ల పనికి ఇది తనంతట తానే 5.3 దాటుతుంది. ఫిక్స్ చేస్తే ఆ బూస్ట్ పోతుంది, వేడి మాత్రం మిగులుతుంది. దాని బదులు పవర్ తగ్గించే ఎకో మోడ్ 65 వాట్లు పెట్టండి. పేరుకు 65 అయినా, సాకెట్ పవర్ పరిమితి 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది, గేముల్లో తేడా దాదాపు తెలియదు. ఇంకొంచెం కావాలంటే కోర్ల వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ అన్ని కోర్లకు మైనస్ 15తో మొదలుపెట్టండి. ఒక్కో అంకెకు 3 నుంచి 5 మిల్లీవోల్ట్‌లు తగ్గుతాయి. తగ్గించేదే అయినా పీబీఓలో భాగమే కనుక ఆ హెచ్చరిక దీనికీ వర్తిస్తుంది. నా దృష్టిలో రిస్క్ నామమాత్రం.

మల్కాజ్‌గిరి_రిగ్:
థాంక్స్ అన్నా. ఎస్ఓసీ 1.25కు దించా. కర్వ్ మైనస్ 25 పెడితే ఫుల్ లోడ్ పెట్టే సినీబెంచ్ టెస్ట్ పాసైంది. కానీ బ్రౌజర్ తెరిచి ఊరికే వదిలేస్తే రీస్టార్ట్ అవుతోంది.

చల్లగాలి:
కర్వ్ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణమే అది. ఫుల్ లోడ్‌లో క్లాక్ తక్కువగా ఉంటుంది కనుక తట్టుకుంటుంది. తేలిక పనిలో ఒక్క కోరు గరిష్ఠ బూస్ట్‌కు ఎగబాకుతుంది, అక్కడ వోల్టేజ్ చాలదు.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా-లాగర్ (WHEA-Logger) ఐడీ 18 వెతకండి, హార్డ్‌వేర్ తప్పుల నమోదు అది. అందులో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. మీ ఆరు కోర్ల చిప్‌లో దాన్ని రెండుతో భాగిస్తే కోరు నంబర్ వస్తుంది, సున్నా నుంచి లెక్క. ఉదాహరణకు 6 గానీ 7 గానీ ఉంటే కోర్ 3. ఆల్ కోర్ వదిలేసి పర్ కోర్‌కు మారి, ఆ ఒక్కదాన్నే మైనస్ 20కి తెండి. ఆ తర్వాత కోర్‌సైక్లర్‌ను రాత్రంతా వదలండి, ఒక్కో కోరునూ విడిగా పరీక్షిస్తుంది. ఫెయిలైన కోరును మరో అయిదు పైకి, అంటే సున్నా వైపు. ఇదంతా ఎక్స్‌పో ఆఫ్ చేసి చేయండి, లేకపోతే తప్పు ర్యామ్‌దా కోరుదా తేలదు.