బస్తీ పిల్లల ఉచిత బ్యాలే బడి: 12 ఏళ్లు వచ్చేసరికి మానేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. కృష్ణానగర్ చుట్టుపక్కల బస్తీల పిల్లల కోసం నేనూ నా స్నేహితురాలూ కలిసి నాలుగేళ్లుగా ఒక బ్యాలే (పాశ్చాత్య శాస్త్రీయ నృత్యం) బడి నడుపుతున్నాం. సొసైటీగా నమోదు చేయించాం, ఫీజు తీసుకోవడం లేదు. ఇప్పుడు 34 మంది వస్తున్నారు. వారి తల్లులు చాలావరకు ఇళ్లలో పనులు చేసుకునేవారు. తండ్రుల్లో కొందరు ఆటో నడుపుతారు, కొందరు షూటింగులకు రోజుకూలి మీద వెళ్తారు.

మా బాధ ఏమిటంటే, ఏడెనిమిదేళ్ల వయసులో ఎంతో ఇష్టంగా చేరిన పిల్లలు, పాదమూ చీలమండా నడుమూ బలపడి ఇక పాయింట్ షూస్ (కాలివేళ్ల కొనల మీద నిలబడి ఆడటానికి వేసుకునే బ్యాలే బూట్లు) గురించి ఆలోచించవచ్చు అనుకునే 12 ఏళ్ల వయసుకు వచ్చేసరికి ఒక్కొక్కరే మానేస్తున్నారు. నిరుడు పెద్ద తరగతిలో ఆరుగురు ఉండేవారు, ఇప్పుడు ఇద్దరే మిగిలారు. ట్యూషన్లు ఉన్నాయని, చెల్లినో తమ్ముణ్నో చూసుకోవాలని, చీకటి పడ్డాక ఆడపిల్ల ఒంటరిగా నడిచి రాకూడదని, ఆ బిగుతు బట్టలు మాకు నచ్చవని ఇంట్లోవాళ్లు కారణాలు చెబుతున్నారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు.

దీనికి తోడు, ఒక దాత మమ్మల్ని నవీ ముంబయి వెల్డర్ కొడుకు ఆమిరుద్దీన్ షా 2017లో లండన్ రాయల్ బ్యాలే స్కూల్‌కు వెళ్లినట్టు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరు. అంతమాత్రాన మా పని తక్కువదని నేను అనుకోను గానీ, ఆ మాట ఆయనకు సరిగా చెప్పలేకపోయాను. నామమాత్రపు ఫీజు పెడితే తల్లిదండ్రులకు విలువ తెలుస్తుందని కొందరు సలహా ఇస్తున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

ఇక్కడ ఇలాంటి ఒక బడి నిర్వహణ సంఘంలో నేను కొన్నేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. విలువ తెలియాలని ఫీజు పెట్టడం నాకు సమ్మతం కాదు. పిల్లను వారానికి మూడు సాయంత్రాలు మీ దగ్గరకు పంపే తల్లి, ఆ మూడు సాయంత్రాలు ఇంట్లో దొరికే సాయాన్ని వదులుకుంటోంది. ఆమె కడుతున్న ఫీజు అదే. మేము ఇచ్చుకోగలిగినవారి దగ్గర పూర్తి ఫీజు, కొందరి దగ్గర సగం తీసుకుంటాం, మిగిలినవారి దగ్గర ఏమీ తీసుకోం. అందరూ ఒకే తరగతిలో ఒకే బార్ (సాధనకు ఆసరాగా పట్టుకునే కమ్మీ) పట్టుకుని నిలబడతారు, ఎవరు ఎంత కట్టారో టీచర్లకు కూడా తెలియదు. పిల్ల చదువుకునే స్కూల్లో ఉచిత భోజనానికి అర్హత ఉందన్న ఉత్తరం చూపిస్తే చాలు, మరో కాగితం అడగం. మీరు కూడా రేషన్ కార్డు ఒక్కసారి చూసి వదిలేయండి, ఏటేటా పేదరికం నిరూపించుకోమనకండి.

ఆ దాతగారి ప్రశ్నకు హార్లెమ్ కథ పనికొస్తుంది. న్యూయార్క్ సిటీ బ్యాలేలో ప్రిన్సిపల్ (ప్రధాన నర్తకుడి) స్థాయికి ఎదిగిన తొలి నల్లజాతి నర్తకుడు ఆర్థర్ మిచెల్, 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక, తాను పుట్టి పెరిగిన, న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్ పేట పిల్లలకు నేర్పాలని నిర్ణయించుకుని ఒక గ్యారేజీలో తరగతులు మొదలుపెట్టారు. 1969లో కారెల్ షుక్‌తో కలిసి డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ పేరుతో బడినీ నృత్య బృందాన్నీ స్థాపించారు. ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆ నృత్య బృందం అప్పుల వల్ల 2004లో ఆగిపోయి, 2012లో గానీ మళ్లీ వేదిక ఎక్కలేదు. ఆ ఏళ్లలో బడి మాత్రం, మధ్యలో కొద్దికాలం ఆగినా, నడుస్తూ వచ్చింది. డబ్బును మింగేవి ప్రదర్శనలు. ఏడాదికి ఒక పెద్ద కార్యక్రమం చేయమని దాతలు ఒత్తిడి చేసినప్పుడు, ముందు టీచరు ఆరు నెలల జీతం పక్కన పెట్టుకోండి.

జవాబు (విజయవాడ నుంచి, కూచిపూడి ఉపాధ్యాయురాలు)

నాకు బ్యాలే రాదు, కానీ 12 ఏళ్ల ఆడపిల్లలు మానేయడం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. బట్టల విషయంలో పట్టుదల వద్దమ్మా. మా పిల్లలు పంజాబీ డ్రెస్ వేసుకుని చున్నీ నడుముకు బిగించి సాధన చేస్తారు. మోకాలు, నడుము కనిపిస్తే చాలు, అరమండి (మోకాళ్లు పక్కలకు మడిచి సగం కూర్చునే భంగిమ) సరిగా ఉందో లేదో చెప్పగలం. మీకూ లెగ్గింగ్స్ మీద ఒంటికి పట్టే టీషర్టు సరిపోదా? హార్లెమ్ బృందంలో కూడా 1970లలోనే గులాబీ రంగు టైట్స్ పక్కనపెట్టి, ఎవరి ఒంటి రంగుకు తగ్గట్టు వారివి రంగు వేయించారని చదివాను.

పెద్ద పిల్లల తరగతిని సాయంత్రం నుంచి ఆదివారం ఉదయానికి మార్చండి. ఇంటి దగ్గర చూసుకోవలసిన చిన్నపిల్లలను వెంట తెచ్చుకోనివ్వండి, ఒక మూల చాప వేసి కూర్చోబెట్టండి. వారిలో సగం మంది రేపు మీ విద్యార్థులే అవుతారు. తల్లులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చని చెప్పండి. భంగిమ దిద్దడానికి పిల్లను ముట్టుకోవలసి వస్తే అడిగి ముట్టుకోండి, హాల్లో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. తరగతికి ముందు రెండు అరటిపళ్లో, గుప్పెడు ఉడికించిన శనగలో పెట్టండి. ఖాళీ కడుపుతో గంతులు వేసే పిల్లలు ఎక్కువ కాలం నిలవరు. మీ హాలు గ్రానైట్ నేలా? అయితే అన్నిటికంటే ముందు దాని మీద రబ్బరు, ఆపైన ప్లైవుడ్ పరవండి. రాతి మీద దూకితే మోకాళ్లు పాడవుతాయి.

జవాబు (హైదరాబాద్ నుంచి, ఖాతాల పని)

రెండు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది, విదేశాల నుంచి వచ్చే విరాళాల గురించి. అమెరికాలో ఉన్న బంధువు భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి అయితే, తన సొంత ఆదాయం నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అదే ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. నమోదుకు మామూలుగా సంస్థకు మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయలు ఆశయాల కోసం ఖర్చు చేసి ఉండాలి.

రెండోది, వాడిన పాయింట్ షూస్ ఎవరైనా విరాళంగా ఇస్తే పిల్లలకు తొడగకండి. అవి మొదట తొడిగిన పాదానికి తగ్గట్టు ఒంగిపోయి ఉంటాయి, కొత్త పాదాన్ని నిలబెట్టలేవు. మా అమ్మాయి చీలమండ బెణికింది అలాగే. మెత్తటి గుడ్డ చెప్పులైతే పరవాలేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. మా హాలు గ్రానైట్ నేలే. పెళ్లిళ్లకు కూడా అద్దెకిస్తారు కాబట్టి, విప్పి గోడకు ఆనించుకునేలా ప్లైవుడ్ పలకలు చేయించడానికి వడ్రంగిని పిలిచాను. మానేసిన నలుగురి ఇళ్లకూ ఈ వారమే వెళ్లి, ఆదివారం పొద్దున పంపగలరా అని తల్లులనే అడుగుతాం. వారిలో ఒకమ్మాయికి ఏడాదిన్నర తమ్ముడున్నాడు. చాప సిద్ధంగా ఉంచుతాం.