చెన్నైలో టీడీ వీసా: భర్తకు ఐ-797 లేకపోతే ఏం చూపించాలి?

భర్త కెనడా పౌరుడు, టీఎన్ (కెనడా, మెక్సికో పౌరులైన నిపుణులకు అమెరికా ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ హోదా) మీద అమెరికాలో కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్. భార్యది ఇండియన్ పాస్‌పోర్టు, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. కెనడా పౌరులకు టీఎన్ సరిహద్దు దగ్గరే ఇచ్చేస్తారు కాబట్టి ఆయన దగ్గర వీసా స్టాంపు గానీ ఐ-797 (కంపెనీ వేసిన పిటిషన్‌ను, అంటే దరఖాస్తును, ఆమోదించినట్టు అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే నోటీసు) గానీ లేవు. ఉన్న ఆధారమల్లా ఐ-94 (అమెరికాలోకి ఎప్పుడు వచ్చారో, ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు), కంపెనీ లెటరు. భార్యకు ఆ వెసులుబాటు లేదు, చెన్నై అమెరికా కాన్సులేట్‌లో టీడీ (టీఎన్ వాళ్ల భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే వీసా) స్టాంపింగ్ చేయించుకోవాల్సిందే.

డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు), మ్యారేజ్ సర్టిఫికెట్, ఆయన పాస్‌పోర్టు కాపీ, ఐ-94, ఉద్యోగ లెటరు, పే స్లిప్పులు సిద్ధం. టీడీ మీద చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదని తెలుసు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు పిటిషన్ నంబర్ అడిగితే ఏం రాయాలి? హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) వాళ్లు చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు, వాళ్లకు పిటిషన్ ఉంటుంది.

అసలు భయం ఇంకోటి. హెచ్-1బీలా కాదు, టీఎన్, టీడీ వాళ్లు తిరిగి వెళ్లిపోతామనే ఉద్దేశం చూపించాలి. ఆయన కంపెనీ గ్రీన్‌కార్డు కోసం పెర్మ్ (కార్మిక శాఖ అనుమతి తీసుకునే మొదటి దశ) మొదలుపెట్టింది, ఐ-140 (దాని తర్వాత కంపెనీ వేసే ఇమిగ్రెంట్ పిటిషన్) ఇంకా వేయలేదు. ఈ దశలో ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్లను ఏం అడిగారు?

ఆయన ఐ-94 గడువు దగ్గరపడింది. టీడీ గడువు దానికి లోబడే ఉంటుంది. రెన్యూవల్‌కు మూడేళ్ల దాకా ఇస్తారు కదా, అది అయ్యాక స్లాట్ తీసుకోవడం మంచిదా? చెన్నైలో టీడీ చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.