మందు మానేశాక తీపి యావ: తిననివ్వాలా, పగ్గం వెయ్యాలా?

సాయంకాలం:
మందు మానిన మొదటి రెండు మూడు నెలలు తీపి కోసం నాలుక పీకేస్తుందన్న దాంట్లో గొడవేం లేదు. ఏం చెయ్యాలన్న దగ్గరే గొడవ. "సీసా జోలికి పోకపోతే చాలు, తీపి ఎంతైనా తిననివ్వండి" అనేవాళ్ళు ఒక పక్క. "ఒక వ్యసనం దించి ఇంకోటి నెత్తికెత్తుకోవడమే" అనేవాళ్ళు ఇంకో పక్క. మొదటి సలహా పాతదే. మద్యం మానాలనుకునేవాళ్ళ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ 1939 నాటి మూల గ్రంథంలోనే తీపి తినడం మేలు చేసిందని ఉంది. మీరు ఎటు? మనోబలం మీద ఉపన్యాసాలు వద్దండి. ఏది, ఎంత, ఎప్పుడు అనే లెక్కలో మాట్లాడదాం.

వెన్నెలబాట:
తిననివ్వండి అనే పక్షం. రెండు నష్టాలూ ఒక తూకానివి కావు. నెల్లాళ్ళు ఐస్‌క్రీమ్ తింటే కాస్త ఒళ్ళొస్తుంది, మళ్ళీ తాగితే మొత్తం మొదటికొస్తుంది. పైగా 40 శాతం మద్యం 180 మి.లీ.లో సుమారు 57 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, గ్రాముకు 7 చొప్పున 400 క్యాలరీలు. రోజూ అంత చక్కెర వచ్చి వచ్చి ఉన్నట్టుండి ఆగిపోతే ఒళ్ళు అడక్క ఏం చేస్తుంది?

ఎదురుప్రశ్న:
క్యాలరీల లెక్క సరే, "అంత చక్కెర" దగ్గర ఆగండి. విస్కీ, వోడ్కా లాంటి బట్టీ సరుకులో చక్కెర దాదాపు సున్నా. పులిసేటప్పుడే అది ఆల్కహాల్‌గా మారిపోతుంది, మిగిలింది బట్టీలో పైకి రాదు. కూల్‌డ్రింక్ కలుపుకుని తాగేవాళ్ళ సంగతి వేరు. పోయిన చక్కెరని ఒళ్ళు తిరిగి అడుగుతోందనే వాదం మీద సలహా కడితే, సలహా కూడా తప్పుతుంది.

జరిగేవి రెండు. ఆల్కహాల్‌ని విరగ్గొట్టే పనిలో ఉన్నంతసేపూ కాలేయం కొత్త గ్లూకోజ్ తయారీని తగ్గించేస్తుంది. తాగే రోజుల్లో తిండి సరిగ్గా ఉండదు కాబట్టి కాలేయంలో నిల్వ ఉండాల్సిన గ్లూకోజ్, అంటే గ్లైకోజెన్, అడుగంటుతుంది. మానేశాక కూడా పూటలు తప్పిస్తుంటే ఆ ఆకలే తీపి కోరికై బయటపడుతుంది. రెండోది మెదడు. తీపీ మద్యమూ రెండూ మెదడులో హాయి పుట్టించే డోపమిన్, ఓపియాయిడ్ దారులనే తడతాయి. మద్యం మీద కోరిక తగ్గించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ పనిచేసేది ఆ ఓపియాయిడ్ గ్రాహకాల మీదే. 1997లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదు రకాల గాఢతల్లో చక్కెర నీళ్ళు రుచి చూపిస్తే, మద్యానికి బానిసలైన మగవాళ్ళలో ఎక్కువమంది అన్నిటికంటే చిక్కటిదాన్నే ఎంచుకున్నారు. అది 100 మి.లీ.కి సుమారు 28 గ్రాముల చక్కెర. మామూలు కోలాలో ఉండేది 10.6.

ఇప్పుడు మీ "ఎంతైనా" లెక్క చూద్దాం. 330 మి.లీ. కోలా డబ్బాలో 35 గ్రాములు. మూడు తాగితే 105 గ్రాములు, 420 క్యాలరీలు. మానేసిన 180 మి.లీ. మొత్తం వేరే దారిన లోపలికొచ్చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెట్టిన హద్దు మొత్తం శక్తిలో 10 శాతం లోపు, అంటే 2000 క్యాలరీలకు 50 గ్రాములు. 25కి తగ్గితే ఇంకా మంచిదంది. అన్నిటికంటే, సాయంత్రం కాగానే ఊరట కోసం నోట్లో ఏదో పడాలనే ముడి చెక్కు చెదరకుండా అక్కడే ఉంటుంది.

గుళిక:
మీ ఇద్దరి వాదన నాలుగో రోజు తర్వాతి సంగతి. మొదటి నాలుగు రోజులు వేరుగా చూడాలి. బాగా తాగేవాళ్ళు ఆపిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమట, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. డెలీరియం, అంటే తీవ్రమైన అయోమయం, 48 నుంచి 96 గంటల మధ్య. రక్తంలో చక్కెర పడిపోయినా అవే వణుకు, అవే చెమట. "తీపి కోసం ఒణుకుతున్నాడు" అని నోట్లో చాక్లెట్ పెట్టి ఊరుకుంటే ప్రాణం మీదకొస్తుంది. గ్లూకోమీటర్ ఉంటే వేలు గుచ్చి చూడండి. 70 (mg/dL) కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. మగతలో ఉన్నవాళ్ళకి నోట్లో ఏదీ పొయ్యొద్దు. చక్కెర బాగానే ఉండి వణుకు ఆగట్లేదంటే అది మద్యం దిగుతున్న వణుకు, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

ఇంకొకటి బి1, అంటే థయమిన్. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చడానికి అది కావాలి, ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో అదే తక్కువ. అందుకే ఆసుపత్రుల్లో గ్లూకోజ్ సెలైన్‌తో పాటుగానో ముందుగానో థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. లేకపోతే వెర్నికీ అనే మెదడు జబ్బు బయటపడొచ్చు: తికమక, నడకలో తూలు, కళ్ళు సరిగ్గా తిరగకపోవడం. ఇంట్లో ఒక చాక్లెట్ తింటే ఇది వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అన్నం ముట్టకుండా తీపి మీదే రోజులు గడిపే మనిషి గురించి చెబుతున్నా. బి1 మాత్ర వాడాలా, ఇంజెక్షనా అన్నది డాక్టర్ తేలుస్తారు. తాగినవాళ్ళ పేగుల్లో మాత్ర సరిగ్గా ఒంటబట్టదు.

షుగర్ జబ్బున్నవాళ్ళు ఇన్సులిన్ మీదో గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల మీదో ఉంటే, తాగే రోజుల మోతాదు మానేశాక సరిపోకపోవచ్చు. తీపి పెరిగినా, తిండి పెరిగినా, బరువు మారినా లెక్క మారుతుంది. మొదటి వారంలోనే చూపించుకోవాలి.

పథ్యంపట్టిక:
గుళిక గారు చెప్పింది దాటాక పళ్ళెం దగ్గరికి వద్దాం. తీపి యావని తీపితో మొదలుపెట్టి సరిచెయ్యలేం, పొద్దుటి తిండితో మొదలుపెట్టాలి. లేచిన గంటన్నర లోపు 20–25 గ్రాముల మాంసకృత్తులు పడాలి. రెండు గుడ్లతో అయిపోయిందనుకుంటారు, అది 12 గ్రాములే. 200 గ్రాముల పెరుగు, గుప్పెడు వేరుశనగలు కలిస్తే లెక్క సరిపోతుంది. తర్వాత ప్రతి మూడు నాలుగు గంటలకీ ఏదో ఒకటి.

అసలు పట్టు సాయంత్రం. ఆరున్నరకి గ్లాసు పట్టే అలవాటున్న మనిషికి ఆరుంబావుకి కాళ్ళు నిలవవు, వంటింటి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూస్తుంటాడు. అప్పుడు తిండి పెడితే ఆలస్యం. ఐదింటికే పెట్టాలి, అదీ ఉప్పగా, నమిలేలా: ఉడికించిన గుడ్డు, గింజలు, శనగలు. కడుపు నిండి ఉన్నా ఆరున్నరకి కోరిక వస్తుంది. కానీ అప్పుడు ఆకలి తోడు లేని కోరిక. అలాంటిది సాధారణంగా ఇరవై నిమిషాల్లో అల పడ్డట్టు పడిపోతుంది. ఆ ఇరవై నిమిషాలు ఇంట్లో కూర్చోకుండా నడవండి.

తీపి భోజనం అయ్యాకే. ఖాళీ కడుపున తింటే చక్కెర చర్రున పైకి లేస్తుంది, కొందరికి రెండు మూడు గంటల్లో దిగజారి మళ్ళీ పీకుతుంది. 70 శాతం డార్క్ చాక్లెట్ 20 గ్రాముల ముక్కలో చక్కెర ఆరు గ్రాములకు మించదు. పండైతే కోసుకుని తినండి, రసం తియ్యొద్దు. 250 మి.లీ. నారింజ రసంలో 20 గ్రాముల పైనే ఉంటుంది, పీచు మాత్రం పోతుంది. పొట్లంలోంచి తినొద్దు, గిన్నెలో వేసుకుని పొట్లం లోపల పెట్టేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది కాఫీ, టీల దగ్గర. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు ఆరు కప్పులు, 48 గ్రాములు అక్కడే. సాయంత్రం కప్పు వల్ల నిద్ర చెడితే మర్నాడు యావ ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ ఆపండి. మొదటి నెలంతా రోజుకు మొత్తం 25 గ్రాముల చక్కెర దాటనివ్వకండి.

వెన్నెలబాట:
చివరి మాట తప్ప అన్నీ బాగున్నాయి. మొదటి వారమే గ్రాముల తక్కెడ పట్టిస్తే మనిషి విసిగిపోతాడు. మందు, సిగరెట్, చక్కెర, కాఫీ అన్నీ ఒకే సోమవారం మానేద్దామని కూర్చున్నవాళ్ళు శుక్రవారానికి నాలుగూ మొదలెడతారు. కారణం చక్కెరో క్యాలరీయో, ఏదైనా కానీ, రాత్రి తొమ్మిదింటికి చేతిలో ఉండాల్సింది ఐస్‌క్రీమా గ్లాసా అన్నదే ప్రశ్న. నాలుగు వారాలు కొలత వద్దు. తర్వాత తగ్గించండి.

పథ్యంపట్టిక:
గ్రాముల కొలత నాలుగు వారాల తర్వాత పెట్టుకుందామంటే నాకు అభ్యంతరం లేదు, పూటల టైము మాత్రం మొదటి రోజు నుంచే. తగ్గించే వరస ఇది: ముందు తీపి పానీయాలు మొత్తం, తర్వాత కాఫీ, టీలో వారానికి కప్పుకు అరచెంచా చొప్పున, ఆఖరున భోజనం తర్వాతి తీపి. తిరగేసి చేస్తే నిలవదు. ఆ చివరి ముక్క కోసమే మనిషి భోజనం సరిగ్గా తింటుంటాడు.

ఎదురుప్రశ్న:
నాలుగు వారాల గడువు అందరికీ పనికిరాదు. కాలేయానికి కొవ్వు పట్టిందని స్కాన్‌లో తేలినవాళ్ళకి తీపి పానీయాలు మొదటి రోజు నుంచే వద్దు. చక్కెరలో సగం ఫ్రక్టోజ్, దాన్ని ఎక్కువగా అరిగించేది కాలేయమే, మిగులుని కొవ్వు చేసేదీ అదే. తాగి తాగి పాంక్రియాస్ వాచినవాళ్ళకి షుగర్ జబ్బు కొత్తగా బయటపడొచ్చు. దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం ఉంటే అది యావ అనుకోకుండా పరీక్ష చేయించండి.

సాయంకాలం:
మరి చక్కెర లేని కూల్‌డ్రింకులు? ఆల్కహాల్ లేని బీరు? గ్లుటమైన్ పొడి యావని చంపుతుందని కూడా అమ్ముతున్నారు.

గుళిక:
గ్లుటమైన్‌కి ఆధారం పల్చన. కాలేయం గట్టిపడ్డవాళ్ళు అసలు ముట్టకూడదు, అది ఒంట్లో అమ్మోనియా పెంచుతుంది, మగత కమ్ముతుంది. చక్కెర లేని కూల్‌డ్రింకులతో బరువు అదుపు చేద్దామనుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అయినా రోజుకు మూడు కోలాలు తాగేవాళ్ళు కొన్ని వారాలు దానికి మారితే నాకు నష్టం కనిపించదు. పళ్ళకి మాత్రం ఆమ్లం ఆమ్లమే, రోజంతా గుటక గుటకగా చప్పరించకుండా భోజనంతో ముగించండి.

ఆల్కహాల్ లేని బీరు నా లెక్కలో వద్దు. చాలా రకాల్లో 0.5 శాతం దాకా ఉండొచ్చు, కొన్నిట్లో చక్కెరా ఎక్కువే, పైగా అదే వాసన, అదే నురగ. మద్యం తగిలితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర వాడుతున్నవాళ్ళకి ఇది ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. లిక్కర్ నింపిన చాక్లెట్లు, రమ్ పోసిన కేకు, కొన్ని దగ్గు సిరప్‌లు, అన్నిట్లోనూ మొహం ఎర్రబడి వాంతులు, గుండెదడ పుట్టించేంత ఆల్కహాల్ ఉండొచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్న 14 రోజుల దాకా ఆ ప్రభావం ఉంటుంది. తీపి కొనేటప్పుడు ముందు చక్కెర గ్రాములు కాదు, ఆ పదార్థాల పట్టిక చదవండి.