శ్రీశైలం గేట్లు ఎత్తారు, చెన్నై నుంచి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

పెరంబూరు అబ్బాయి
టీవీలో శ్రీశైలం గేట్లు ఎత్తడం చూసినప్పటి నుంచి మా నాన్నది ఒకటే పోరు, "ఒక్కసారి తీసుకెళ్లరా" అని. ఆయనకి 71, అమ్మకి మోకాళ్ల నొప్పులు. చెన్నై నుంచి రైల్లో వెళ్తే ఎక్కడ దిగాలి? శని, ఆదివారాల్లో చూసుకుని సోమవారం ఆఫీసుకి వచ్చేయొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

అంబత్తూరు అక్క
మేం పోయినేడాది ఆగస్టులో వెళ్లాం. శ్రీశైలానికి రైలు లేదు తమ్ముడూ. దగ్గరి స్టేషన్ మార్కాపురం రోడ్డు, కానీ అది గుంటూరు–నంద్యాల లైన్లో ఉంది, మనకి చుట్టు. ఒంగోలులో దిగి కారు మాట్లాడుకుని మార్కాపురం, దోర్నాల మీదుగా వెళ్లాం. దోర్నాల దాటితే ఘాట్ రోడ్డు, అంతా పులుల అడవి. రాత్రిళ్లు చెక్‌పోస్టు దగ్గర బళ్లు ఆపేస్తారు, కాబట్టి పొద్దుండగానే దాటేయండి. మలుపులకి మా చిన్నవాడు మూడుసార్లు కక్కాడు, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి.

ఆదివారం మాత్రం వద్దు. గేట్లు ఎత్తారంటే సగం హైదరాబాద్ అక్కడే ఉంటుంది. సున్నిపెంట దాటాక మూడు గంటలు కార్లోనే కూర్చున్నాం. అమ్మగారి చేత పాతాళగంగ మెట్లు దిగనివ్వకండి, రోప్‌వే ఉంది.

చేపల పులుసు
డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర వంతెన మీద నిలబడండి, అదే అసలు చోటు. ముందు నీళ్లేం కనబడవు. చప్పుడొక్కటే, అదీ చెవికన్నా ముందు కాళ్ల కింద తెలుస్తుంది. తుంపరకి రెండు నిమిషాల్లో కళ్లజోడు మసకబారి, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. గాలి పక్కకి మళ్లినప్పుడు ఆ తెల్లటి తెర జరిగి ఒక్కసారిగా గేటు కనబడుతుంది, మళ్లీ మూసుకుపోతుంది. మా అత్తగారు దాన్ని చూస్తూ వాన మొదలైందనుకుని గొడుగు తీశారు.

అక్కడే చేపల వేపుడు అమ్ముతారు. క్షేత్రం పక్కన ఇదేంటని అలిగిన మనిషే వాసనకి రెండు ముక్కలు తిన్నారు. ఈ సంగతి ఇంట్లో చెప్పకండి.

వేళచ్చేరి వెంకీ
ఒక డౌటు. ఇక్కడ వేసవిలో లారీ నీళ్ల కోసం కొట్టుకుంటాం, అక్కడేమో గేట్లెత్తి వదిలేస్తున్నారు. ఆపుకోవచ్చు కదా?

రిటైర్డ్ ఏఈ
నిండిన బిందెలో ఇంకెంత పోస్తారండీ? శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 215 దాకా పడుతోంది. జూరాల నుంచి కృష్ణ, సుంకేశుల నుంచి తుంగభద్ర ఒకేసారి పోటెత్తితే 12 గేట్లూ ఎత్తక తప్పదు. 2009 అక్టోబరు గుర్తుందా? అన్ని గేట్లూ ఎత్తినా మట్టం 896 అడుగులు దాటింది, అవతల కర్నూలు మునిగింది. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఫోన్ మోగితే భయం.

పైగా వదిలిన నీళ్లు ఎక్కడికీ పోవు, కింద సాగర్‌కే చేరతాయి. అక్కడి కరెంటు కేంద్రాలు కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900. ఎడమగట్టుది కొండ లోపల కట్టిన కేంద్రం. ఆ యూనిట్లు అవసరమైతే తిరగబడి కింది నీళ్లని పైకి తోడగలవు కూడా. 2020 ఆగస్టులో అక్కడే అగ్నిప్రమాదం జరిగి తొమ్మిది మంది పోయారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నందికొట్కూరు వాడు
అందరూ గేట్ల గురించి రాస్తున్నారు. నేను వెనకవైపు గురించి రాస్తా.

మాది ఆ నీళ్ల కింద ఉన్న ఊరు. దాదాపు వంద ఊళ్లు మునిగాయి, అందులో ఒకటి. 1981లో ఖాళీ చేయించి ఇళ్లు పడగొడుతుంటే మా నాయన ద్వారబంధం ఒక్కటి పీకి ఎద్దులబండి మీద వేసుకొచ్చాడంట. ఇప్పుడు నందికొట్కూరులో మా ఇంటికి అదే ఉంది. గోడలు పొట్టివి, ద్వారబంధం పెద్దది. చూసినోళ్లు నవ్వుతారు. నష్టపరిహారం బాడుగలకే సరిపోయింది. ఆ తర్వాత నాయన మద్రాసుకొచ్చి మేస్త్రీ పనిలో కుదిరాడు. 98 జీవో కింద ఇంటికో ఉద్యోగం అన్నారు కదా, ఆ అర్జీ కాగితాలు ఇప్పటికీ పాలిథిన్ కవర్లో, బియ్యం డ్రమ్ము మీద ఉన్నాయి.

ఎండాకాలం మట్టం దిగితే బురద తేలుతుంది. ఒకసారి మా అవ్వని తీసుకెళ్లాం. గోడల్లేవు, వీధుల్లేవు, అంతా ఒకటే ఒండ్రు. ఆమె చెప్పులు చేత పట్టుకుని ఊరికే నడిచింది. ఒకచోట రోలు అంచు కనబడితే కూర్చుని చేత్తో తవ్వింది. "ఇది వంటిల్లు," అని నాలుగడుగులు వేసి, "ఇది పశువుల పాక" అంది. ఆ రోలు మోసుకొద్దామంటే వద్దంది.

సంగమేశ్వరం గుడి కూడా అంతే, ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే. లోపల వేప చెక్క లింగం. కొన్నేళ్లు శివరాత్రికి కూడా బయటపడదు. గేట్లు ఎత్తారని అందరూ సంబరపడే రోజున మా ఇంట్లో టీవీ పెట్టరు.

అంబత్తూరు అక్క
అన్నా, ఇది చదివాక ఏం రాయాలో తోచలేదు. మేం అక్కడ సెల్ఫీలు తీసుకుని వచ్చాం.

రిటైర్డ్ ఏఈ
నందికొట్కూరు వారూ, మీ ఊరి పక్కనే పోతిరెడ్డిపాడు. శ్రీశైలం జలాశయం నుంచి చెన్నైకి కృష్ణా నీళ్లు బయల్దేరేది అక్కడి తూము దగ్గరే. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. కృష్ణా వాటాల్లోంచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ ఐదేసి టీఎంసీలు ఇవ్వాలి, దారిలో పోయేవి పోగా 12 ఇక్కడికి చేరాలి. వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు నడిచి 1996లో మొదటిసారి తమిళనాడు సరిహద్దు చేరాయి. (ఈ సోమశిల నెల్లూరు జిల్లాలో పెన్న మీద ఉన్నది. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఇంకో సోమశిల ఉంది, మా కొత్త ఇంజనీర్లు కూడా తికమకపడేవాళ్లు.) అక్కడి నుంచి పూండి, తర్వాత పుళల్, చెంబరంబాక్కం చెరువులు. అయితే శ్రీశైలం మట్టం 841 అడుగులకి దిగితే పోతిరెడ్డిపాడు తూముకి నీరందదు.

వేళచ్చేరి వెంకీ
అయితే మా కొళాయిలో వచ్చేది శ్రీశైలం నీళ్లే అన్నమాట!

రిటైర్డ్ ఏఈ
వేళచ్చేరి అయితే కాదు బాబూ. మీకు చాలావరకు నెమ్మేలిలో ఉప్పు తీసిన సముద్రం నీళ్లు. కృష్ణా నీళ్లు కలిసేది పుళల్ వైపు, అంటే పెరంబూరు, కొలత్తూరు వాళ్లకి.

పెరంబూరు అబ్బాయి
ఈ చర్చంతా నాన్నకి చదివి వినిపించా. ఒక సంగతి నేను ముందు చెప్పలేదు. పెళ్లికి ముందు ఆయన సున్నిపెంటలో ఉండి ఆ డ్యామ్‌కి కాంక్రీటు మోశారు, అందుకే ఆ పోరు. రోలు దగ్గరికి వచ్చేసరికి "ఆపరా" అన్నారు. కాసేపాగి, "ఆ అబ్బాయిది ఏ ఊరో అడుగు" అన్నారు.

నందికొట్కూరు అన్నా, ఏ ఊరు మీది? ఈ వారం టికెట్లు రద్దు చేశాను. నీళ్లు దిగాక మార్చిలోనో ఏప్రిల్‌లోనో వెళ్దామంటున్నారు నాన్న. అప్పుడు మీవైపు రావాలంటే ఎక్కడ దిగాలి?

నందికొట్కూరు వాడు
కర్నూల్లో దిగండి. ముందురోజు ఫోన్ చేస్తే నేనొచ్చి తీసుకెళ్తా. నాన్నగారికి పాత చెప్పులు వేయించండి, బురదలో ఊడిపోతాయి.