ఈగల మీద పీహెచ్‌డీ అంటే ఇంట్లో ఎలా ఒప్పించాలి?

హన్మకొండ జువాలజీ:
కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్. మన నడవడిలో జన్యువుల పాత్ర ఎంతో, అవి మెదడులో ఏం చేస్తాయో చదవాలని కోరిక. ఇలాంటి పరిశోధన ఈగల మీద చేస్తారు, అందులోనే పీహెచ్‌డీ చేద్దామని ఉంది. బాపు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కాంటా దగ్గర పని చేస్తాడు. "ఈగల చదువుకు జీతమెవడిస్తడు? బీఈడీ చెయ్యి" అంటున్నాడు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి. రోజూ పనేంటి, డబ్బుల సంగతేంటి?

నర్సంపేటోడు:
చెల్లె, ముందు బాపుకు లెక్క చెప్పు. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. 2023 నుంచి ఇదే రేటు. కాకపోతే నెలనెలా పడుతుందని నమ్ముకోకు. నాకు ఒకసారి నాలుగు నెలలది ఒకేసారి పడింది, అప్పటిదాకా అప్పులే.

ఇక పని. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు ఉంటాయి కదా, బెంగళూరులో ఆరేళ్లు వాటితోనే గడిపాను. ప్యూపా (గూడు దశ) నుంచి బయటికొచ్చిన ఎనిమిది గంటల్లోపు ఆడ ఈగల్ని వేరు చేయాలి. ఆలస్యమైతే మగవాటితో కలుస్తాయి, క్రాస్ (మనం ఎంచుకున్న జంటను కలపడం) పాడైనట్టే. అందుకే పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి మళ్లీ ఒకసారి. సంక్రాంతి లేదు, బతుకమ్మ లేదు. మక్కపిండి, చక్కెర, ఈస్ట్ కలిపి ఉడికించిన మేత వాసన బట్టలకు పట్టేది. ఇంటికొస్తే అమ్మ "కుడితి కంపు" అని గుమ్మంలోనే ఆపేది. ఒకసారి రెండు సీసాల లేబుళ్లు తారుమారు చేశాను. రెండు నెలల పని పోయింది.

అయినా ఎందుకు చేశానంటే, మొదటి వారంలోనే సీనియర్ ఒక గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూపించాడు. లోపలి ఈగలన్నీ పడిపోయాయి. చల్లబరిస్తే లేచి నడిచాయి! నరాల్లో సంకేతాలు పోవడానికి కావలసిన సోడియం చానెల్ అనే ద్వారాన్ని తయారుచేసే ఒక్క జన్యువులో తేడా, అంతే. ఇలాంటి ఈగల మీద 1970లలో మన శాస్త్రవేత్త ఒబైద్ సిద్దిఖీ, అమెరికా శాస్త్రవేత్త సీమోర్ బెంజర్‌తో కలిసి పని చేశాడు. తర్వాత బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థను నిలబెట్టింది కూడా సిద్దిఖీనే. 1971లో బెంజర్, ఆయన శిష్యుడు కొనోప్కా రోజు గడియారం తప్పిన ఈగల్ని పట్టుకున్నారు. కొన్నిటికి రోజంటే 19 గంటలే, కొన్నిటికి 28. ఆ గడియారాన్ని నడిపే జన్యువు గుట్టు విప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఈగల్లో కనిపించినంత తేటగా మనుషుల్లో ఉండదు. మా పెదనాయన "మనవడికి తాగుడు జీన్ ఉందేమో చూడరా" అన్నాడు. అట్ల ఒక్క జీన్ ఉండదు పెదనాయనా, వేలకొద్దీ చిన్న చిన్న తేడాలు, పెరిగిన ఇల్లు, సావాసాలు అన్నీ కలుస్తాయి అన్నా. "మరి ఆరేళ్లు ఏం చదివినవ్?" అన్నాడు.

హబ్సిగూడ బస్టాప్:
హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ పక్కనే ఉంటాను. అన్న చెప్పనిది ఒకటుంది: పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ అని తాత్కాలిక పరిశోధన ఉద్యోగాల్లో ఏళ్లకేళ్లు తిరగాలి, పర్మనెంట్ ఉద్యోగం గ్యారంటీ లేదు. నెట్‌తో పాటు జేజీఈఈబిల్స్ (JGEEBILS) అనే ప్రవేశ పరీక్ష కూడా రాయండి, ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్, ఎన్‌సీబీఎస్ దాని ద్వారా తీసుకుంటాయి. బీఈడీ ఎక్కడికీ పోదు.

హన్మకొండ జువాలజీ:
థాంక్స్ అన్నా. రాత్రి బాపుకు 37,000 అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ ఈగలేందో గానీ, మన మిర్చికి పట్టే తామర పురుగు మీద చెయ్యరాదా బిడ్డా" అన్నాడు.