ఇంట్లో ఉన్న పిల్లికి కొత్త పిల్లిని ఎలా అలవాటు చేయాలి?

చారలతోక:
ఇంట్లో ఐదేళ్ల ఆడది ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బయటికి వెళ్లదు, చిన్నప్పటి నుంచీ ఒక్కతే. వచ్చే వారం ఎనిమిది నెలల మగది వస్తోంది, దానికి ఇంకా ఆపరేషన్ కాలేదు. ఇల్లు రెండు పడకగదులు, ఒక హాలు. కొత్తదాన్ని కొన్నాళ్లు విడిగా ఉంచాలని తెలుసు. ఆ గదిలో ఏమేం పెట్టాలి? తలుపు ఎప్పుడు తీయాలో దేన్నిబట్టి తేల్చుకోవాలి? బుస్సుమంటే అక్కడితో ఆపేయాలా? "రెంటినీ ఒకచోట వదిలేయండి, కొట్టుకుని అవే సర్దుకుంటాయి" అని చాలామంది చెబుతున్నారు. అందులో నిజమెంత?

కిటికీగట్టు:
చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో వ్యవహారం చెడేది అక్కడే. గొడవపడ్డాక రాజీ చేసుకునే పద్ధతి పిల్లులకు దాదాపు లేదు. మొదటిసారి ఎదురుపడినప్పుడే రక్కుకుంటే ఎదుటిదాని వాసన, ఆకారం, నడక అన్నీ ప్రమాదం కింద గుర్తుండిపోతాయి. ఆ ముద్ర చెరగడానికి నెలలు పట్టవచ్చు. వదిలేస్తే సర్దుకున్నాయని చెప్పే ఇళ్లలో జాగ్రత్తగా చూడండి: ఒకటి రోజంతా మంచం కింద ఉండి, రెండోది నిద్రపోయాక వచ్చి తింటూ ఉంటుంది. దాన్ని సర్దుకోవడం అనలేం.

పిల్లికి తన ఇంటి హద్దు ముక్కుతో తెలుస్తుంది. చెంపలు, గడ్డం, తోక మొదలు, పాదాల అడుగున వాసన గ్రంథులు ఉంటాయి. తలుపు అంచుకీ సోఫా మూలకీ మీ పిక్కకీ చెంప రాస్తోందంటే అక్కడ తన వాసన అంటిస్తోందన్నమాట. కలిసి బతికే పిల్లులు ఒకదాన్నొకటి రాసుకుంటూ అన్నిటికీ ఒకే ఉమ్మడి వాసన వచ్చేలా చేసుకుంటాయి. కాబట్టి ఒకదానికొకటి కంటపడక ముందే ఆ వాసనలు కలపడం మన పని.

గది సంగతి. మీ పెద్దది రోజూ పడుకునే గది మాత్రం కొత్తదానికి ఇవ్వకండి; తన చోటు లాక్కున్న పిల్లి మీద మొదటి రోజే కోపం మొదలవుతుంది. ఎంచుకున్న గదిలో లిట్టర్ ట్రే (మలమూత్రాల కోసం ఇసుకలాంటి పొడి పోసిన పళ్లెం) ఒక మూల, తిండి దానికి ఎదురు మూల, నీళ్ల గిన్నె తిండికి కాస్త ఎడంగా. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, దానికి రెండు వైపులా కంతలు కోయండి, ఒకే దారి ఉంటే మూలకు చిక్కినట్టు బెదురుతుంది. గోకడానికి ఊగని పోస్టు, పిల్లి ఒళ్లంతా చాచి నిలబడినా అందేంత ఎత్తులో, సుమారు 80–90 సెం.మీ. తెచ్చిన క్యారియర్‌ను తలుపు తీసి అక్కడే వదిలేయండి, తన వాసన ఉన్న వస్తువు అదొక్కటే.

మొదటి రెండు మూడు రోజులు పరిచయాల జోలికి పోకండి. కొత్తది తినాలి, ట్రే వాడాలి, మీరు లోపలికి వెళ్తే పెట్టెలోంచి బయటికి రావాలి. అప్పుడు వాసన గుడ్డ. శుభ్రమైన సాక్సు చేతికి తొడుక్కుని కొత్తదాని చెంపలు, గడ్డం కింద నెమ్మదిగా రుద్ది, ఆ సాక్సును పెద్దదాని గిన్నెకు ఒక మీటరు దూరంలో పెట్టండి. పెద్దదాని సాక్సు కొత్తదాని గదిలోకి. ఆ సాక్సును రెండో పిల్లి ఒంటికి మాత్రం రుద్దకండి, తప్పించుకోలేని వాసన భయాన్ని పెంచుతుంది. వాసన చూసి వచ్చి మామూలుగా తింటే మరుసటి పూట కొంచెం దగ్గరికి జరపండి. బుస్సుమంటే దూరం పెంచండి, అంతే. సాక్సు గిన్నె పక్కన ఉన్నా పట్టించుకోని రోజున గదులు మార్చండి: పెద్దదాన్ని తన పడకగదిలో ఉంచి తలుపు వేసి, కొత్తదాన్ని అరగంట హాల్లో తిరగనివ్వండి. తర్వాత అది తిరిగి గదిలోకి, పెద్దది హాల్లోకి. ఇంకోరోజు పెద్దదాన్ని కొత్తదాని గదిలోకి పంపండి. దీనివల్ల వాసన కలవడమే కాదు, కొత్తదానికి దారులు, ఎక్కే చోట్లు, దూరే సందులు తెలుస్తాయి. రేపు పెద్దది తరిమినప్పుడు ఎటు పోవాలో తెలియని పిల్లే తిరగబడి గోళ్లు తీస్తుంది.

నల్లమచ్చ:
పైన చెప్పిన గదుల మార్పిడికి ముందు ఆరోగ్యం సంగతి తేల్చుకోండి, ఇది వదలకూడని మెట్టు. కనీసం 14 రోజులు కొత్తది విడిగానే ఉండాలి. పాన్‌ల్యుకోపీనియా (వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే పిల్లుల వైరస్ జబ్బు), జలుబు తెచ్చే హెర్పీస్, కాలిసి వైరస్‌ల లాంటివి వచ్చేముందే సోకి ఉంటే చాలావరకు ఆ రెండు వారాల్లో బయటపడతాయి. గిన్నెలు, లిట్టర్ పార విడివిడిగా. రోజూ పెద్దదాని పనులు ముందు, కొత్తదాని పనులు తర్వాత చేయండి, మధ్యలో సబ్బుతో చేతులు కడగండి.

డాక్టరు దగ్గర అడగాల్సినవి: ఎఫ్ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్), ఎఫ్ఈఎల్‌వీ (పిల్లుల ల్యుకేమియా వైరస్) రక్తపరీక్ష, మలపరీక్ష, చెవి పురుగులు, రింగ్‌వార్మ్ (తామర), టీకాలు. ఈ మధ్యే సోకిన ఇన్‌ఫెక్షన్ మొదటి రక్తపరీక్షలో కనబడకపోవచ్చు. అందుకే ఎఫ్ఈఎల్‌వీకి 30 రోజుల తర్వాత, ఎఫ్ఐవీకి 60 రోజుల తర్వాత మళ్లీ చేయించమంటారు. పెద్దదాని టీకాలు ఎప్పటివో కూడా చూసుకోండి. గోమార్లకి (ఒంటి మీద దూకే పురుగులకి) కుక్కల మందు ఎప్పుడూ వేయకండి. వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం, వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు.

ఎనిమిది నెలల మగదానికి ఆపరేషన్ వాయిదా వేయవద్దు. చేసిన మర్నాడే స్వభావం మారదు, ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆలోపు గోడలకు మూత్రం చిమ్మితే మీ పెద్దది దాన్ని సవాలుగానే తీసుకుంటుంది. ఎలాగూ విడిగా ఉంచే కాలమే కాబట్టి ఆపరేషన్ అప్పుడే చేయించేస్తే రెండు పనులూ కలిసి జరుగుతాయి.

చారలతోక:
డాక్టరు పరీక్షలన్నీ చూసి సరేనన్నారు, ఆపరేషన్ కూడా అయింది. సాక్సు, గదుల మార్పిడి అయ్యాయి. ఇప్పుడు మూసిన తలుపుకు అటూ ఇటూ తిండి పెడుతున్నాను. రెండు మీటర్ల దూరంలో పెద్దది బాగానే తింటుంది. ప్లేటు మీటరులోపు జరిపేసరికి రెండు ముద్దలు తిని ఆపేస్తోంది, తలుపు కింది సందునే చూస్తూ కూర్చుంటోంది, తోక చివర మాత్రం టపటపా కొడుతోంది. బుస లేదు, అరుపు లేదు. అలవాటవుతుందని ఇలాగే కొనసాగించనా?

కిటికీగట్టు:
కొనసాగించకండి. చప్పుడు లేదని తేలిగ్గా తీసుకోకూడదు. బుస అంటే "దగ్గరికి రాకు" అని హెచ్చరించడం. చెప్పాల్సింది చెప్పి పక్కకి వెళ్లిపోయే పిల్లితో పెద్దగా చిక్కు ఉండదు. కదలకుండా, రెప్ప వేయకుండా గురిపెట్టి చూడటం, తోక చివర కొట్టుకోవడం, తిండి వదిలేయడం, ఈ మూడూ కలిస్తే దాడికి సిద్ధమవుతోందని అర్థం.

ప్లేటు వెంటనే రెండు మీటర్లకు వెనక్కి తీసుకోండి. అక్కడ వరసగా మూడు పూటలు గిన్నె ఖాళీ చేశాక 15–20 సెం.మీ. చొప్పున జరపండి, ఒకేసారి మీటరు కాదు. సందుకు చుట్టిన టవల్ అడ్డం పెడితే కింద నీడలు కదలడం కనబడదు, వాసన మాత్రం వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: రోజంతా గిన్నె నిండుగా ఉండే ఇంట్లో ఈ పద్ధతి పనిచేయదు. తిండికి వేళలు పెట్టండి, తలుపు దగ్గర తినేటప్పటికి నిజంగా ఆకలి ఉండాలి, అన్నిటికన్నా ఇష్టమైనది అక్కడ మాత్రమే దొరకాలి. అయితే ఆకలికి మాడ్చి దారికి తెద్దామనుకోకండి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చూపించాలి. తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

తలుపుకు ఆనుకుని రెండూ తింటున్నాక చూపుల దశ. తలుపు కొంచెం తీసి పట్టుకోవడం మంచిది కాదు, సందులో పంజా దూర్చి కొట్టుకుంటాయి. గుమ్మానికి మెష్ తలుపు, లేదా ఒకదానిపై ఒకటి రెండు బేబీ గేట్లు పెట్టి (ఒకటైతే దూకేస్తాయి) దాని మీద దుప్పటి వేయండి. తిండి మళ్లీ రెండు మీటర్ల దూరం నుంచే మొదలు. తినేటప్పుడు దుప్పటి కిందినుంచి ఒక బెత్తెడు లేపండి, అవతలి పాదాలు కనిపించేంత. గిన్నెలు ఖాళీ అయ్యేలోపే దించేయండి. తిండి అయిపోయాక చూడటానికి మిగిలేది ఎదుటి పిల్లి ఒక్కటే, గురి పెట్టడం అప్పుడే మొదలవుతుంది. ఇక్కడ తొందరపడి చాలామంది మూడు వారాల పని ఒక పూటలో పాడుచేసుకుంటారు.

బూడిదరంగు:
ఫెరోమోన్ డిఫ్యూజర్ (పిల్లుల్ని శాంతపరచే వాసనను గదిలోకి వదిలే ప్లగ్గు పరికరం) పెడితే ఇవన్నీ తగ్గించుకోవచ్చా?

నల్లమచ్చ:
ఏ మెట్టూ తగ్గదండీ. కొన్ని పిల్లులకు తోడ్పడుతుంది, కొన్నిటికి ఏ తేడా ఉండదు. పెట్టాలనుకుంటే ఎక్కువ పిల్లులున్న ఇళ్ల కోసం చేసిన రకం తీసుకోండి. మామూలుగా ఒక్కోటి 50–70 చదరపు మీటర్లకు, సుమారు 30 రోజులు వస్తుంది. సోఫా వెనకో బల్ల కిందో ఉన్న ప్లగ్గులో పెడితే ఆవిరి అక్కడే ఆగిపోతుంది. సువాసన నూనెల డిఫ్యూజర్లు మాత్రం దీనికి బదులు కావు. టీ ట్రీ, యూకలిప్టస్ లాంటి నూనెలు పిల్లులకు హాని చేస్తాయి.

చారలతోక:
గేటు దశ దాటాక ఒకే గదిలోకి వదలడం ఎలా? కొట్టుకుంటే ఎలా విడదీయాలి? ఆటకీ కొట్లాటకీ తేడా ఎలా తెలుస్తుంది?

కిటికీగట్టు:
ఇద్దరు మనుషులు, కర్ర చివర దారంతో వేలాడే ఆటబొమ్మలు రెండు కావాలి. వదలడానికి ముందు కొత్తదాన్ని విడిగా పావుగంట ఆడించి అలసిపోనివ్వండి, ఎనిమిది నెలలదాని హుషారును ఐదేళ్లది దాడి అనుకుంటుంది. హాల్లో పెద్దదానికి ఎత్తైన చోటు, మనిషి ఛాతీ ఎత్తులో ఒక అర, ఖాళీగా ఉంచండి. ఏ పిల్లినీ చేతుల్లో పట్టుకుని పరిచయం చేయకండి. రెంటినీ చెరో వైపు ఆడిస్తూ, మొదటిసారి ఐదు నిమిషాలకే ఆపేయండి. బాగా సాగుతోంది, ఇంకాసేపు చూద్దాం అనిపించినప్పుడే ముగించాలి.

ఆటలో ఇద్దరూ వంతులు వేసుకుంటారు, ఇప్పుడు తరిమింది కాసేపటికి తరిమించుకుంటుంది, గోళ్లు లోపలే ఉంటాయి, పెద్దగా అరుపులు ఉండవు. ఎప్పుడూ ఒకటే తరుముతూ ఉంటే, చెవులు వెనక్కి అతుక్కుపోతే, కీచుమని అరుపులు వచ్చి వెంట్రుకలు రాలితే అది కొట్లాట.

పెద్ద అట్టముక్క దగ్గర పెట్టుకోండి. ఒకటి బిగుసుకుని చూడటం మొదలెట్టగానే మధ్యలో దించితే చాలు, చూపు తెగుతుంది. కలబడిపోతే అదే అట్ట, లేదా మందపాటి దుప్పటి. చేతులు పెట్టకండి. కరిస్తే వెంటనే 15 నిమిషాలు సబ్బు, ధారగా పారే నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పిల్లి పళ్లు సన్నగా లోతుగా దిగుతాయి, పైన చిన్న చుక్కే కనిపించినా లోపల చీము పట్టొచ్చు. రేబిస్ సంగతి కూడా అప్పుడే అడగాలి. పిల్లి మీద నీళ్లు చల్లడం, కేకలేయడం వద్దు. కొత్తది కనబడ్డప్పుడల్లా తిట్లు పడుతున్నాయని పెద్దది నేర్చుకుంటుంది.

కొట్టుకుంటే వేరువేరు గదుల్లో ఒకటి రెండు రోజులు ఉంచి, చివరిసారి ఏ మెట్టు మీద ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నాయో అక్కడి నుంచి మళ్లీ మొదలు. కోపం మీదున్న పిల్లిని ఎత్తుకుని ఓదార్చకండి, ఆ కోపం మీ మీద తీర్చుకుంటుంది.

నల్లమచ్చ:
ట్రేల లెక్క ఎవరూ చెప్పలేదు. రెండు పిల్లులకు మూడు ట్రేలు. మూడూ వరసగా ఒకే గోడకు పెడితే పిల్లి దృష్టిలో ఒక్కటే. దారిలో ఒకటి అడ్డం కూర్చుంటే రెండోది దేన్నీ చేరలేదు. వేర్వేరు గదుల్లో పెట్టండి. ట్రే పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న కొలతకి ఒకటిన్నర రెట్లు, లిట్టర్ 3–5 సెం.మీ. మందం. మూత ఉన్న ట్రేలు ఈ కాలంలో వద్దు, లోపలున్న పిల్లికి వచ్చేది కనబడదు, వచ్చింది గుమ్మంలోనే కాపు కాస్తుంది.

బయట మూత్రం పోస్తే ఎంజైమ్ క్లీనర్ (మూత్రం వాసనను విరగ్గొట్టే శుభ్రపరిచే ద్రవం) వాడండి. అమోనియా ఉన్నవాటికి మూత్రం వాసనే వస్తుంది, మళ్లీ అక్కడే పోస్తుంది. ఫినాయిల్ పిల్లులున్న ఇంట్లో వాడకూడదు, ఫినాల్ రకాల్ని వాటి కాలేయం విరగ్గొట్టలేదు. ఒత్తిడి వల్ల మూత్రాశయం వాచే పిల్లులు చాలా ఉంటాయి. కొత్తది మగది కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి: ట్రేలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే మూత్రం అడ్డుపడి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కిటికీగట్టు:
మనుషులు లేనప్పుడు రెంటినీ కలిపి ఎప్పుడు వదలొచ్చని తర్వాతి ప్రశ్న వస్తుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. మీ ఎదుట గంటల తరబడి ఒకే గదిలో ఉండి, ఒకటి పక్కనుంచి నడిచి వెళ్తే రెండోది తల తిప్పకుండా పడుకోగలిగితే అప్పుడు అరగంట బయటికి వెళ్లి చూడండి. రాత్రుళ్లు కలపడం అన్నిటికన్నా చివర. రెండు మూడు నెలలు పట్టినా తేడా ఏమీ లేదు. ఒకే దుప్పటిలో పడుకోవాలని ఆశించకండి, చెరో కిటికీ చూసుకుని ఎవరి దారిన అవి తిని తిరుగుతున్నా పరిచయం కుదిరినట్టే. ఇన్ని చేసినా ఒకటి దాక్కుని తిండి తగ్గించేస్తుంటే పిల్లుల ప్రవర్తన తెలిసిన డాక్టరును కలవండి. భయం, ఆందోళన తగ్గించే గాబాపెంటిన్ లాంటి మందులు కొన్నాళ్లు ఇస్తారు, మోతాదు ఆయనే చెప్పాలి. మనుషుల మాత్రలు సొంతంగా ఇవ్వకండి.