చీలమండ ఆపరేషన్ అయినవాళ్ళు ఉన్నారా? కాలు ఎప్పుడు కింద పెట్టారు?

పెరటిమందారం:
పెరట్లో బట్టలు ఆరేసి వస్తుంటే పాచి మీద కాలు జారింది. కుడి చీలమండ, లోపలి గుబ్బ, బయటి గుబ్బ రెండూ విరిగాయి. బయటివైపు ప్లేటు, లోపల రెండు స్క్రూలు వేశారు. ఇవాళ్టికి 11వ రోజు. ఆపరేషన్ ఎలా ఉంటుందో అడగనివాళ్ళు కూడా చెప్పారు గానీ, ఆ తర్వాతి సంగతి ఒక్కరూ చెప్పలేదు. డాక్టరుగారైతే "6 వారాలు కాలు మోపొద్దు" అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

కాలు కిందికి వేలాడేస్తే చాలు, వేళ్ళు వంకాయ రంగుకి తిరుగుతున్నాయి. ఇది మామూలేనా? మా అత్తయ్యగారు పప్పు తింటే చీము పడుతుందని 11 రోజులుగా బీరకాయ, చారు తప్ప పెట్టడం లేదు. శనివారం కుట్లు విప్పుతారట. మాది మేడమీద వాటా, 17 మెట్లు. వచ్చేటప్పుడు నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి మోశారు, వీధంతా చూసింది. మళ్ళీ ఆ ఊరేగింపు నా వల్ల కాదు.

ఓరుగల్లు_బుల్లెట్:
అక్కా, పరేషాన్ గాకు. నాకు పోయిన దసరాకు అయింది. బండి మీద పోతుంటే కుక్క అడ్డమొచ్చింది. ఎడమ కాలు, ప్లేటు, 7 స్క్రూలు. ఆ వంకాయ రంగు నాకూ వచ్చింది. పిక్క కండ పని చేస్తలేదు కదా, కిందికి దిగిన రక్తాన్ని పైకి తోసేటోడు లేడు. పండుకొని కాలు గుండె కంటె ఎత్తుల పెడితే జరసేపట్ల మామూలు రంగుకు వస్తది. అట్ల వస్తే భయం లేదు. ఎత్తుల పెట్టినా నీలంగనే ఉండి, వేళ్ళు చల్లబడి, ముట్టుకున్నా తెల్వకపోతే మాత్రం అర్ధరాత్రయినా దవాఖానకు పో.

గుండె కంటె ఎత్తు అంటే ఒక్క మెత్త సరిపోదు. నేను రెండు మెత్తల మీద బొంత మడతపెట్టి వేసుకున్న. మడమ మాత్రం గాల్ల ఉండాలె, ఒరుసుకుంటే పుండైతది.

మెట్లకు మోసుడెందుకు? కూసొనే దిగు. రెండు చేతులు, మంచి కాలు, ఈ మూడింటి మీదనే బరువు. ఆపరేషన్ కాలు ముందటికి చాపి ఒక్కొక్క మెట్టు జరుగు. ఎక్కేటప్పుడు మెట్లకు వీపు పెట్టి అట్లనే వెనక్కి ఎక్కు. వాకర్ ఎవరన్న ముందే కింద పెట్టాలె. నైటీ వద్దు, కాళ్ళకు చుట్టుకుంటది. పంజాబీ డ్రెస్సు వేసుకో.

తెనాలి_మావయ్య:
అమ్మాయ్, పప్పు సంగతి నేను చెబుతాను. నాకు 61 ఏళ్ళు, షుగరుంది. నా చీలమండ ఆపరేషనప్పుడు నాకూ ఇదే పథ్యం పెట్టారు. పప్పు లేదు, గుడ్డు లేదు, గోంగూర సరేసరి. 14వ రోజున కుట్లు విప్పితే పైన రెండంగుళాలు బాగానే అతుక్కుంది, కింద చివర మాత్రం విచ్చుకుంది. డ్రెస్సింగుకి వెళ్ళినప్పుడల్లా డాక్టరు ఏం తింటున్నారని అడిగేవాడు. చెప్పగానే మా ఆవిడ వైపు తిరిగి, "పప్పు మానేస్తే పుండు దేంతో మానుతుందమ్మా?" అన్నాడు. పుండుకి మాంసకృత్తులు కావాలట. ఆ రోజు నుంచి రోజుకి రెండు గుడ్లు, గిన్నెడు పప్పు. ఒక్క తిండితోనే మానిందని నేననను, షుగరు కూడా అప్పుడే అదుపులోకి వచ్చింది. మొత్తానికి ఆ చిన్న గాయానికి రెండు నెలలు పట్టింది. చుట్ట కూడా మానేశాను. పొగ తాగేవాడికి ఎముక ఆలస్యంగా అతుకుతుందని ఆయనే చెప్పాడు.

అత్తగారితో వాదన పెట్టుకోకు. శనివారం ఆవిణ్ణే వెంటబెట్టుకెళ్ళి, ఆవిడ ఎదురుగానే డాక్టర్ని అడుగు.

పెరటిమందారం:
బాబాయ్ గారూ, ఈ సలహా ఒక్కటి చాలు. ఇంకోటి ఎలా అడగాలో తెలియక ఆగాను. మా ఇంట్లో ఉన్నది కింద కూర్చునే దొడ్డి. ఏం చేయాలి?

డాలస్_దొండకాయ:
సిగ్గెందుకండీ, అందరికీ మొదటి కష్టం అదే. మా అమ్మకి తుంటి విరిగినప్పుడు మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ కొన్నాం, మందుల షాపుల దగ్గర దొరుకుతుంది. దొడ్డి మీదే నిలబెట్టేయొచ్చు. కాళ్ళకి రబ్బరు తొడుగులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి, తడి నేల మీద అదే జారుతుంది. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు, కట్టు తడవకుండా పాలిథిన్ కవరు, పైన టేపు.

నాది ఇక్కడ అమెరికాలో అయింది. మంచు మీద జారాను. ఉదయం ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. మోకాలి వెనక మత్తు సూది ఇచ్చారు కాబట్టి రాత్రి భోజనం దాకా హాయిగా ఉంది. నొప్పి లేదు కదా అని మాత్ర వేసుకోలేదు. అదే నా తెలివితక్కువతనం. రాత్రి రెండు గంటలకి మత్తు దిగింది. ఇక తెల్లారేదాకా నరకం. మత్తు దిగకముందే మాత్ర పడాలని కాగితంలో రాసే ఉంది, చదివితే కదా.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. నాలుగో వారంలో పిక్క పట్టేసినట్టు అనిపించింది. కట్టు బిగుతని వదిలేశాను. రెండు రోజులకి పిక్క గట్టిపడి వేడిగా ఉంది. స్కాన్ తీస్తే రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. 3 నెలలు రక్తం పలుచబడే మందు వాడాను. పిక్క నొప్పి వస్తే మర్దన చేయించుకోవద్దు, ఆ రోజే చూపించుకోండి. ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే ఇక ఆలోచించడానికేం లేదు, అంబులెన్సే.

చిత్తూరు_చింతకాయ:
మాది పుత్తూరు పక్కన ఊరే. అక్కా, రేపోమాపో ఎవురో ఒకరు నీకు చెప్తారు, పుత్తూరు కట్టు కట్టించుకోమని. ఆ కట్టు మీద నాకు గౌరవముంది. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి గూడా వస్తారు. మా నాయనకు ముంజేయి విరిగితే ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి కట్టినారు, బాగానే అతుక్కునింది. అయితే నీకు కీలు కాడ విరిగి, లోపల ప్లేటుండాది. దానిమీద ఇంకో కట్టు కట్టేదానికి లేదు. కుట్లు మానకముందు పసరు పూసేది అసలొద్దు. నల్లేరు పచ్చడి చేసుకుంటావా, తిను, రుచిగా ఉంటాది. కాలు మాత్రం ఆపరేషన్ చేసినాయనకే వదిలేయ్.

కట్టువిప్పే_అమ్మాయి:
నేను ఫిజియోథెరపీ చేయిస్తానండి. రోజుకి ముగ్గురైనా చీలమండవాళ్ళు వస్తారు. ఇక్కడ ఎవరూ రాయని సంగతి ఒకటుంది. 6 వారాలు కాలు మోపకుండా ఉండడం కష్టమే, కానీ డాక్టరు ఎక్స్‌రే చూసి "ఇక నడువమ్మా" అన్న రోజే ఎక్కువ మంది ఏడుస్తారు. ఆ రోజు లేచి నడిచేస్తామనుకుని వస్తారు. పిక్క సగమైపోయి ఉంటుంది, కీలు చెక్కలా బిగుసుకుని ఉంటుంది, పాదం నేలకి ఆనగానే సూదుల మీద పెట్టినట్టుంటుంది. ప్లేటు విరిగిందేమోనని భయపడి మళ్ళీ మంచం ఎక్కేస్తారు.

నా దగ్గరికి వచ్చినవాళ్ళకి బరువు చూసే మిషన్ ఇస్తాను. పక్కన అదే ఎత్తులో పుస్తకాలు పేర్చి మంచి కాలు వాటి మీద, ఆపరేషన్ కాలు మిషన్ మీద. వాకర్ పట్టుకుని ముల్లు 10 కేజీలు చూపించేదాకా నొక్కమంటాను, అంతే. కొన్ని రోజులకి 20. ఎంత బరువు, ఎప్పుడు అన్నది మీ డాక్టరు చెప్పాలి, విరిగిన తీరును బట్టి మారుతుంది. కొందరికి ముందే మోపమంటారు, రెండు ఎముకల మధ్య అడ్డ స్క్రూ వేసినవాళ్ళని ఇంకా ఆగమంటారు. కానీ ముల్లు కళ్ళముందు కదులుతుంటే భయం సగం పోతుంది.

కట్టు తీశాక, డాక్టరు ఒప్పుకుంటే, బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయండి. ఏబీసీడీలు రాయమంటారు అందరూ, నేను అఆఇఈలు రాయిస్తాను. మనవి గుండ్రటి అక్షరాలు కదా, కీలు అన్ని వైపులా తిరుగుతుంది. "ఋ" దగ్గర అందరూ ఆగిపోతారు!

మెట్లు నిలబడి ఎక్కే రోజు వచ్చాక ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. గొంతుక్కూర్చోవడం అన్నిటికన్నా ఆఖరున వస్తుంది, పాదం బాగా పైకి వంగితే తప్ప కుదరదు. తొందరపడి దొడ్డి మీద ప్రయత్నించి పడ్డవాళ్ళని చూశాను.

ఓరుగల్లు_బుల్లెట్:
ఋ కాదు మేడం, నాకు "క్ష" కాడ పాణం పోయింది. ఒక డౌటు. నా చెప్పు బెల్టు ప్లేటుకు తాకి ఒరుస్తది. తీయించుకోవాల్నా?

కట్టువిప్పే_అమ్మాయి:
ఇబ్బంది లేకపోతే చాలామందికి తీయరండి, జీవితాంతం ఉన్నా పర్వాలేదు. ఒరుసుకుంటుంటే మీ డాక్టరుని అడగండి. ఎముక పూర్తిగా అతికాక, మామూలుగా ఏడాది దాటాక తీస్తారు.

పెరటిమందారం:
అందరికీ నమస్తే. ఇవాళ్టికి 9 వారాలు. ఆలస్యంగా వచ్చాను, తిట్టకండి.

కుట్ల రోజున కూర్చునే 17 మెట్లూ దిగాను. కింద వాటావాళ్ళ బుడ్డోడు చూసి, వాడూ నా పక్కనే అలాగే దిగాడు. అత్తయ్యగారిని లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరు పప్పు తినమన్నాక ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం ముద్దపప్పు చేసి, "నీ డాక్టరు మాట మీద పెడుతున్నా, చీము పడితే నన్నడగొద్దు" అని నెయ్యి వేసింది.

నడవమన్న రోజు నేనూ ఏడ్చాను. మిషన్ కొనిపించాను. మొదటిరోజు 8 కేజీలు దాటలేదు. ఇప్పుడు వాకర్ వదిలేసి చేతికర్రతో వంటింటిదాకా వెళ్తున్నాను. పొద్దున లేవగానే మొదటి పది అడుగులు కర్రకాలే, తర్వాత కాస్త సాగుతుంది. సాయంత్రానికి వాపు వచ్చేస్తుంది. కుడి కాలికి మావారి చెప్పు, ఎడమ కాలికి నాది. పాదం పైన ఒకచోట తాకినా తెలియడం లేదు, కుట్ల దగ్గరి సన్న నరాల వల్లట.

వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్ళి. పీటల దగ్గర కూర్చోక తప్పదు. వాపు ఇంకా ఎన్నాళ్ళుంటుంది?

తెనాలి_మావయ్య:
నాకు సాయంత్రం వాపు ఏడాదిదాకా ఉంది అమ్మాయ్, రోజురోజుకీ తగ్గుతూ. పెళ్ళిలో నీకు రెండు కుర్చీలు అడుగు. ఒకటి నీకు, ఒకటి కాలికి.

ఓరుగల్లు_బుల్లెట్:
చెప్పులు గుడి ముంగట విడిచినట్టు పక్కకు పెట్టకు అక్కా. జత కాదు కదా, ఎవరూ ఎత్తుకపోరు గని, ఊడ్చేటోళ్ళు పారేస్తరు.